డిస్కు అంచు

బండి మలుపు తిరగకముందే బ్రేకులమ్మకి తెలిసిపోయింది, అది ఎవరిదో. వెనక తలుపు గొళ్లెం వదులుగా కొట్టుకునే ఆ చప్పుడు పది నెలలుగా ఆమె చెవుల్లోంచి పోలేదు. చేతిలోని స్పానర్ బల్ల మీద పెట్టి, గుడ్డతో వేళ్లు తుడుచుకుంటూ దుకాణం గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

పికప్ ట్రక్కు సరిగ్గా బోర్డు కిందికి వచ్చి ఆగింది. ఆగేముందు ముందు చక్రాలు గుర్రుమంటూ వణికాయి. డ్రైవరు పక్క సీట్లోంచి టైల్స్ షాపు ఆసామి దిగాడు. దిగడంతోటే అతని చూపు దానంతటదే బోర్డు మీదికి వెళ్లింది. బోర్డుకి ఒక మూల మూరెడు ఇనప తీగ ఇంకా వేలాడుతూనే ఉంది.

ఆ తీగ కట్టింది అతనే. లోడుతో వంతెన దిగుతుంటే ఇదే బండికి బ్రేకులు పడక గోడని గుద్దుకున్న మర్నాడు, చక్రం లోపల ఉండే బ్రేకు డిస్కు పగిలితే దాన్ని మోసుకొచ్చి ఆ బోర్డుకి వేలాడదీశాడు. "ఇదీ ఈయనగారి పనితనం! అందరూ వచ్చి చూడండి!" అని వీధి వీధంతా వినేలా అరిచాడు. ప్రమాదానికి పదకొండు రోజుల ముందు ఆ డిస్కులు కొలిచి, పరవాలేదని పంపింది ఈ దుకాణమే మరి. ఆమె భర్త ఎదురు చెప్పలేదు. "కొలత మాదే. తప్పు మాదే," అని ఒక్క మాట అని, డిస్కు విప్పుకుని లోపలికి వెళ్లిపోయాడు. ఆ వెళ్లడం వెళ్లడం మళ్లీ దుకాణం ముందుకి రాలేదు. తీగ కూడా తీసేస్తానన్నాడు కానీ ఆమె తియ్యనివ్వలేదు. రోజూ షట్టర్ ఎత్తేటప్పుడు దాన్ని చూసుకునేది. చూసుకుని పళ్లు నూరుకునేది.

"మూడు షాపులు తిరిగానమ్మా," అన్నాడు ఆసామి, ఆమె మొహంలోకి చూడకుండా. "కొత్త డిస్కులు వేస్తారు, నెల తిరక్కుండా మళ్లీ ఇదే వణుకు. ఈ డ్రైవరేమో ఇక్కడికే తేవాలని ఒకటే పోరు."

"చూస్తాను."

"చెయ్యి మాత్రం నీదే పడాలి." గొంతు సవరించుకున్నాడు. "మీ ఆయన చెయ్యి పడకూడదు. అలాగైతేనే."

వెనక గదిలో ఇనుము మీద గుడ్డ రుద్దుతున్న చప్పుడు ఒక్క క్షణం ఆగింది. మళ్లీ మొదలైంది.

బ్రేకులమ్మకి అరికాలి మంట నెత్తికెక్కింది. కానీ ఆమె పైకి నవ్వింది. "అలాగేనండీ. నాదీ ఒక మాట. శనివారం పది గంటలకి మీరు స్వయంగా రావాలి. మీ పాత డ్రైవరుని కూడా వెంటబెట్టుకు రావాలి. మీ కళ్లముందు కొలిచి చూపించాకే చక్రాలు బిగిస్తాను."

"వాడెందుకు మధ్యలో?"

"ఆ రోజు బండి నడిపి కాలు విరగ్గొట్టుకున్నది ఆయనే కదా. బ్రేకుల సంగతి ఆయనకి తెలియకపోతే ఇంకెవరికి తెలియాలి?"

ఆసామి సరేనని డ్రైవరు చేత తాళాలు ఇప్పించాడు. పాత డ్రైవరు ఇప్పుడు కుంటుకుంటూ ఆసామి గోడౌన్‌కి కాపలా కాస్తున్నాడు. ఆసామి తప్పు లేనివాడైతే అతన్ని ఎందుకు పనిలో ఉంచుకుంటాడు, నోరు నొక్కడానికి కాకపోతే, అని బ్రేకులమ్మ ఎన్నోసార్లు అనుకుంది. అనుకోవడమేమిటి, వీధిలో నలుగురికీ చెప్పింది కూడా.

ఆమె లెక్క ఆమెకి ఉంది. తన భర్త కొలతల్లో తప్పు చేసే మనిషి కాదు. ఆయన ఒంటికి జ్వరం రావచ్చు కానీ కొలతకి తేడా రాదు. కాబట్టి జరిగింది ఇది: డిస్కులు బాగున్నాయని ఇక్కడ చెప్పించుకుని, ఆసామి వాటిని ఇంకెక్కడో లేత్ మిషను మీద చెక్కించి ఉంటాడు. గీతలు పోయి నున్నగా అవుతాయని ఎవడో చెప్పి ఉంటాడు. చెక్కితే డిస్కు పలచనవుతుంది, పలచనైన డిస్కు లోడుతో కాగి పగులుతుంది. పగిలాక పాపం తెచ్చి మేస్త్రి అయిన తన భర్త మెడకి చుట్టాడు.

దీనికి సాక్ష్యం కూడా ఉంది. ఆ దుకాణంలో ఒక అలవాటు పాతికేళ్లుగా నడుస్తోంది. ఏ డిస్కు కొలిచినా, మధ్యలో బోర్లించిన గిన్నెలా ఉండే చోట, డిస్కుని రెండు పక్కలా నొక్కి ఆపే ప్యాడ్లు తగలని చోట, కరెంటు పెన్నుతో కొలతా తేదీ చెక్కుతారు. ఇంకే షాపువాళ్లూ అంత శ్రమ పడరు. ఆ పగిలిన డిస్కు మీద భర్త చెక్కిన అంకె ఉంటుంది. దాని పక్కన మైక్రోమీటరు పెట్టి ఇప్పుడున్న మందం చూపిస్తే చాలు, మధ్యలో పోయిన ఇనుము ఎటు పోయిందో ఆసామే చెప్పుకోవాలి. డిస్కు ఎక్కడుందో ఆమెకి తెలుసు. పడకగది అటక మీద, గుడ్డలో చుట్టి ఉంది. ఇన్నాళ్లూ దాని మొహం చూడబుద్ధి కాక ముట్టుకోలేదు. చూసేదేముంది, ఏముందో తెలిసినప్పుడు?

పగబట్టిన పామైనా మరిచిపోతుందేమో కానీ బ్రేకులమ్మ మరిచిపోదు. ఆ సాయంత్రమే వెళ్లి గ్యారేజీల సంఘం పెద్దాయన్ని శనివారానికి పిలిచి వచ్చింది. ఆ ప్రమాదం తరవాత తమ దుకాణం పేరు సంఘం జాబితాలోంచి కొట్టేసింది ఆయన చేత్తోనే.

గురువారం పొద్దున్నే బండికి జాకీ పెట్టింది. జాకీని నమ్ముకోకుండా కింద స్టాండ్లు పెట్టి, బండిని రెండు చేతులతో ఊపి చూసింది. చక్రం విప్పి పక్కకి దొర్లించింది. ప్యాడ్లని పట్టి ఉంచే కాలిపర్ బోల్టులు తీసి, దాన్ని బ్రేకు నూనె గొట్టం మీద వేలాడనివ్వకుండా తీగతో స్ప్రింగుకి కట్టింది. గొట్టం మీద బరువు పడితే లోపల ఎక్కడ చిట్లుతుందో పైకి కనపడదు. డిస్కు వెనకుండే ఇనప దిమ్మకి, హబ్బుకి, తుప్పుతో అతుక్కుపోయి ఉంది. వేరే షాపులవాళ్లు సుత్తితో బాదిన మచ్చలు చుట్టూరా కనిపిస్తున్నాయి. ఆమె సుత్తి ముట్టుకోలేదు. డిస్కుకి ఉన్న రెండు చిన్న మరల కన్నాల్లో బోల్టులు పెట్టి, ఇటు అర చుట్టు, అటు అర చుట్టు తిప్పుకుంటూ వచ్చింది. టక్కుమని డిస్కు దానంతటదే ఊడి చేతిలోకి వచ్చింది.

హబ్బు మొహం చూసి ఆమెకి నవ్వొచ్చింది. తుప్పు పొరలు పొరలుగా కట్టి ఉంది. దాన్ని గీకకుండా, దాని మీదే మూడుసార్లు కొత్త డిస్కులు బిగించారు మహానుభావులు. కాగితమంత తుప్పు అడుగున ఉంటే చాలు, పైన డిస్కు వంకరగా తిరుగుతుంది. ఆ వంకరే పెడల్ కింద వణుకు.

"అక్కా, కుదురుతుందంటావా?" కొత్త డ్రైవరు పక్కనే గొంతుక్కూర్చున్నాడు. సన్నటి మనిషి. అతనికి దిగుడు రోడ్డంటే భయం పట్టుకుంది. "వంతెన దగ్గరికి వస్తే నాకు అరచేతులు చెమట పట్టేస్తున్నాయి."

"కుదురుతుంది."

ఆమె వైర్ బ్రష్ తీసుకుని రుద్దడం మొదలుపెట్టింది. రుద్దుతూ ఉంటే ఒక పాడు ఆలోచన వచ్చింది. ఒక్క బోల్టు సగం బిగించి వదిలేస్తే? ఎవరికి తెలుస్తుంది? ఆ ఆలోచనని ఆమె తరిమెయ్యలేదు, కాసేపు ఉండనిచ్చింది. దాని రుచి కూడా చూసింది. అప్పుడు డ్రైవరు వంగి, తన గుడ్డతో ఆమె కళ్లమీదికి రాలుతున్న తుప్పు పొడి అడ్డుకున్నాడు. బండి ఆసామిదే కానీ వంతెన దిగేది ఆసామి కాదు. తన మీద తనకే అసహ్యం వేసి, ఇంకా గట్టిగా రుద్దింది. నా పగ నిజంతోనే తీరుతుంది, నాకు దొంగ బోల్టు ఎందుకు, అనుకుంది.

వెనక గదిలోంచి భర్త గొంతు వినిపించింది. "బోల్టుల చుట్టూ కూడా రుద్దు. అక్కడ బ్రష్ అందదు, గీకుడు బిళ్లతో లాగు."

మనిషి ముందుకి రాడు కానీ చెవి ఇక్కడే పారేసుకుంటాడు. ఆమె గీకుడు బిళ్ల కోసం గోడ మీది పలక వైపు తిరిగింది. పలక మీద ప్రతి పనిముట్టు బొమ్మా భర్త తెల్లరంగుతో గీసి పెట్టాడు, ఏది ఎక్కడ తగిలించాలో తెలియడానికి. అన్నీ నిండి ఉన్నాయి, వెర్నియర్ కాలిపర్ చోటు తప్ప. రెండు దవడలతో పట్టి కొలిచే ఆ పనిముట్టు పది నెలల కిందటే ఎక్కడో పోయిందన్నాడు. కొత్తది కొందామంటే, "వద్దు, ఇకనుంచి అన్నీ మైక్రోమీటరుతోనే కొలువు," అని, ఆ మైక్రోమీటరు పెట్టె ఆమె చేతికందే మేకుకి తగిలించాడు. అప్పటినుంచి ఆయన తనకి తానుగా ఒక్క కొలత కూడా తియ్యలేదు.

శుక్రవారానికి రెండు వైపులా హబ్బులు అద్దంలా తయారయ్యాయి. కొత్త డిస్కులూ ప్యాడ్లూ తెప్పించి, డిస్కులకి కంపెనీవాళ్లు పూసిన నూనె పోయేదాకా క్లీనర్‌తో కడిగింది. ఆ నూనె కాస్త మిగిలినా ప్యాడ్లు పీల్చుకుని జారిపోతాయి. డిస్కు తగిలించి, గడియారంలాంటి గేజీ పెట్టి చేత్తో తిప్పి చూసింది. ముల్లు దాదాపు కదల్లేదు. వణుకు పోయినట్టే. పనిలో ఇంత సుఖం ఉండి కూడా ఆమె మనసు శనివారం మీదే ఉంది.

మధ్యాహ్నం భోజనాల దగ్గర భర్తతో అంది, "అటక మీది డిస్కు రేపు కిందికి దించండి."

ఆయన చెయ్యి కంచంలో ఆగింది. "ఎందుకు?"

"ఎందుకేమిటి! మీ అంకె దాని మీదే ఉంది. సంఘం పెద్దాయన ఎదుట ఆ మనిషి చేతే ఒప్పిస్తాను."

"పోనిద్దూ. బండి బాగుచేశావు. అతను వచ్చాడు. అది చాలదూ?"

"చాలదు. మిమ్మల్ని నడివీధిలో నిలబెట్టి నానా మాటలూ అన్నాడు. మీరేమో నోట్లో నాలుక లేనట్టు నాదే తప్పన్నారు. మీకు సిగ్గు లేకపోయినా నాకుంది."

ఆ మాట అన్నాక ఆమెకే గుచ్చుకుంది. ఆయన మాత్రం నీళ్లు తాగి, గ్లాసు మెల్లిగా కింద పెట్టాడు. "దాని జోలికి వెళ్లకు. నీకు దండం పెడతాను," అన్నాడు. దండం పెట్టే మొహంలో పిరికితనం తప్ప ఇంకేమీ కనపడలేదు ఆమెకి.

శనివారం పది కొట్టేసరికి అందరూ వచ్చారు. సంఘం పెద్దాయనకి కుర్చీ వేసింది. ఆసామి నిలబడే ఉన్నాడు. పాత డ్రైవరు మెట్టు మీద కాలు చాపుకుని కూర్చున్నాడు. ఎదురు దుకాణంవాళ్లు కూడా పని ఆపి చూస్తున్నారు. ఆ రోజు చూసిన కళ్లే ఇవాళా చూడాలని ఆమె కోరిక.

ముందు కొత్త డిస్కులు మైక్రోమీటరుతో కొలిచి, అంకె పెద్దాయనకి చూపించింది. పెద్దాయన తలూపాడు. కొత్త డ్రైవరు తనకేదో బహుమతి వచ్చినట్టు అందరి మొహాలూ చూశాడు.

"పని అయిపోయింది. ఇంకొక్క కొలత మిగిలింది," అంది బ్రేకులమ్మ. లోపలికి వెళ్లి స్టూలు వేసుకుని అటక మీంచి మూట దించింది. భర్త గదిలో నిలబడి చూస్తున్నాడు, అడ్డుపడలేదు. మూట తెచ్చి దుకాణం మధ్యలో బల్ల మీద ధన్‌మని పెట్టింది.

"అయ్యా, ఆ రోజు మీరు మా బోర్డుకి కట్టింది ఇదే కదా?"

ఆసామి మొహం కాస్త పాలిపోయింది. "ఇప్పుడవన్నీ ఎందుకమ్మా..."

"ఎందుకో చూద్దురుగాని. మేము కొలిచి పంపాక మీరు దీన్ని ఎక్కడ చెక్కించారో అదే చెబుతుంది."

ముడి విప్పింది. డిస్కు తుప్పు పట్టి ఉంటుందనుకుంది. లేదు. నూనె పూసి, గుడ్డ చుట్టి, పసిబిడ్డని దాచినట్టు దాచాడు ఆయన. అంచు నుంచి లోపలికి బెత్తెడు పగులు. డిస్కుతోబాటు ఇంకొకటి కూడా మూటలోంచి జారి బల్ల మీద పడింది. వెర్నియర్.

పోయిందన్న వెర్నియర్ ఇక్కడికెందుకు వచ్చిందో ఆమెకి అర్థం కాలేదు. దాన్ని పక్కకి నెట్టి, మైక్రోమీటరు పెట్టడానికి డిస్కు మీద నూనె బొటనవేలితో తుడిచింది. మధ్యనుంచి బయటికి తుడుచుకుంటూ వచ్చిన వేలు చివర్లో ఆగింది. దేనికో తగిలి ఆగింది.

అంచు.

ప్యాడ్లు రుద్దిన మేర డిస్కు అరిగి లోతైపోతుంది, ప్యాడ్లు తగలని చివర మాత్రం అరగకుండా గట్టులా నిలిచిపోతుంది. అరిగిన డిస్కులన్నిటికీ ఉండేదే. కానీ లేత్ మీద పెట్టి చెక్కితే మొట్టమొదట పోయేది ఆ గట్టే. ఈ డిస్కుకి గట్టు చెక్కుచెదరకుండా ఉంది, చుట్టూరా, రెండు వైపులా. దీన్ని ఎవరూ ఎక్కడా చెక్కలేదు.

బ్రేకులమ్మ వేలు ఆ గట్టు మీదే ఉండిపోయింది. నెమ్మదిగా డిస్కుని వెలుతురులోకి తిప్పి, గిన్నె మీది అంకె చూసింది. 25.7. ఏడు అంకెకి నడుము మీద అడ్డగీత. భర్త ఏడుకి అడ్డగీత పెట్టడు. ఈ ఇంట్లో పెట్టేది ఒక్కరే.

అప్పుడు గుర్తొచ్చింది. గుర్తు రావడానికి పెద్దగా వెతుక్కోవలసిన పని కూడా లేకపోయింది. ఆ రోజు మైక్రోమీటరు భర్త చేతిలో ఉంది, ఇంకో బండి కింద. తొందరగా ఉందని ఆమె వెర్నియర్ తీసుకుంది. దాని చదునైన దవడలు అరిగిన లోతులోకి దిగవు, గట్టు మీదే ఆగుతాయి. కొత్తవాళ్లకి ఆమె పదేపదే చెప్పే సంగతే అది. ఆ రోజు ఎంతో కొంత లోపలికి పట్టాననుకుంది.

ఇప్పుడు వెర్నియర్ తీసి గట్టు మీద పట్టింది. 25.7. మైక్రోమీటరు లోపల పెట్టింది. 22.4. డిస్కు మీద కంపెనీవాళ్లు పోతపోసిన హద్దు 24. అంతకంటే తగ్గితే తీసి పారెయ్యాల్సిందే. పదకొండు రోజుల్లో మూడు మిల్లీమీటర్లు ఏ డిస్కూ అరగదు.

"ఏమైందమ్మాయ్?" పెద్దాయన కళ్లద్దాలు తుడుచుకుంటున్నాడు. "చెక్కించినట్టేనా? నాకీ అంకెలు ఆనడం లేదు. నువ్వు చెప్పు, నీ మాటే రాసుకుంటాను."

తల ఎత్తితే ఆసామి కనిపించాడు. అతని కళ్లల్లో నిజంగానే భయం ఉంది. ఆ భయం చూడాలనే పది నెలలు బతికింది. చెక్కించారు అని ఒక్క మాట అంటే చాలు. గట్టు సంగతి ఇక్కడ ఇద్దరికి తప్ప ఎవరికీ తెలియదు. ఆ రెండో మనిషి వెనక గది గుమ్మం పట్టుకుని నిలబడి, ఆ కొలత నీదని చెప్పవద్దన్నట్టు మెల్లిగా తల అడ్డంగా ఊపుతున్నాడు.

మెట్టు మీద పాత డ్రైవరు చాపిన కాలిని చేత్తో ఎత్తి కొంచెం పక్కకి జరుపుకున్నాడు.

"చెక్కించలేదు," అంది బ్రేకులమ్మ. "ఎవరూ ఏమీ చెయ్యలేదు. ఈ కొలత నేను తీసింది. గట్టు మీద పట్టి తీశాను. అప్పటికే డిస్కు అరిగిపోయింది. నేను చూసుకోలేదు. మా ఆయన దీన్ని ముట్టుకోలేదు కూడా."

ఆసామి గుమ్మంలో ఉన్న మేస్త్రి వైపు చూశాడు. ఏదో అనాలని అతనికీ ఉంది. పది నెలలు వీధివాళ్ల నోళ్లలో నానింది అతనూ. కానీ ఆ రోజు డిస్కు వేలాడదీసి తాను నిందించింది తప్పు మనిషినని కూడా ఇప్పుడే తెలిసింది. మింగలేక కక్కలేక అలాగే నిలబడ్డాడు.

పాత డ్రైవరు లేచి, కుంటుకుంటూ బల్ల దగ్గరికి వచ్చాడు. "ఏదీ, ఆ గట్టు ఏదీ?"

ఆమె చూపించింది. అతను గోరు దాని మీద పెట్టి, ఇటునుంచి అటు, అటునుంచి ఇటు రాసి చూశాడు.

"ఇంతేనా?"

"ఇంతే అన్నయ్యా."

"ఆ రోజు నాకు గేరు మార్చే టైం కూడా దొరకలేదు చెల్లెమ్మా," అన్నాడు. తిట్టలేదు, పరవాలేదనీ అనలేదు. చాలాసేపు గట్టు మీదే గోరు ఆడించి, కొత్త డిస్కుల వైపు తల తిప్పాడు. "అవెవరు కొలిచారు?"

"నేనే."

"ఆయన్ని కూడా ఒకసారి కొలవమను."

మేస్త్రి చెయ్యి పడకూడదన్న ఆసామి తల వంచుకుని, బూటు కాలితో నేల మీది తుప్పు పొడి కెలుకుతున్నాడు. పది నెలల తరవాత మేస్త్రి గది గుమ్మం దాటి ముందుకి వచ్చాడు. ఆమె మైక్రోమీటరు ఇచ్చింది. ఆయన గుడ్డతో దవడలు తుడిచి, డిస్కు చుట్టూ ఎనిమిది చోట్ల కొలిచాడు. రెండో డిస్కు కూడా ఎనిమిది చోట్ల. తరవాత పెద్దాయన వైపు కాకుండా పాత డ్రైవరు వైపు తిరిగి, "బాగున్నాయి. ఆమె కొలత సరిగ్గా ఉంది," అన్నాడు. కరెంటు పెన్ను తీసి భార్యకి అందించాడు. ఆమె రాసింది. అంకెలు కాస్త వంకరపోయాయి కానీ చదవడానికి ఇబ్బంది లేదు.

చక్రాలు బిగించారు. ఎదురెదురు నట్లు ఒకదాని తరవాత ఒకటి, రెంచి టిక్కుమనే దాకా. కొత్త ప్యాడ్లు కుదురుకోవాలంటే ముప్పైసార్లు మెల్లిగా ఆపి ఆపి నడపమని మేస్త్రే డ్రైవరుకి చెప్పాడు. జాబితాలో పేరు సంగతి సోమవారం చూద్దామని పెద్దాయన వెళ్లిపోయాడు. బండి మలుపు దగ్గర ఆగింది. చక్రాలు వణకలేదు.

ఇద్దరే మిగిలారు.

"ఎందుకు చెప్పలేదు?" అంది ఆమె.

"చెప్తే మళ్లీ మైక్రోమీటరు పట్టుకునేదానివా? నీ సంగతి నాకు తెలియదూ."

"అందుకని ఆ మనిషిని నేను పది నెలలు శాపనార్థాలు పెడుతుంటే వింటూ కూర్చున్నారా?"

"కోపంగా ఉన్నప్పుడు నువ్వు పని బాగా చేస్తావు," అన్నాడు ఆయన, ఏదో నేరం ఒప్పుకున్నట్టు.

ఆమెకి ఏడుపొచ్చింది, దానికంటే ముందు ఒళ్లు మండింది. సిగ్గు లేదా అని నిన్ననే అడిగింది ఈ మనిషిని. ఇన్నాళ్లూ కత్తులు నూరుకుంది ఎవరి మీదికి? నూరిన కత్తి ఇప్పుడు ఎక్కడ పెట్టుకోవాలి? కళ్లు తుడుచుకోకుండానే బల్ల దగ్గరికి వెళ్లి, పగిలిన డిస్కుని రెండు చేతులా ఎత్తుకుని బయటికి నడిచింది. బోర్డు కింద స్టూలు వేసుకుని ఎక్కింది. మూరెడు తీగ గాలికి ఊగుతోంది.

"ఏం చేస్తున్నావు? దిగు," అన్నాడు భర్త, వెనకే వచ్చి.

"మీరు ఆ రోజు విప్పకుండా ఉండవలసింది." తీగ డిస్కు కన్నంలోంచి తీసి మెలితిప్పింది. ఎదురు దుకాణంవాళ్లు మళ్లీ పని ఆపారు. డిస్కు వెనక్కి తిరిగిపోతుంటే చేత్తో పట్టి ముందుకి తిప్పింది. అడ్డగీత ఉన్న ఏడు రోడ్డు వైపు ఉండేలా చూసుకుని, ఇంకో మెలిక వేసింది.

"తీగ పాతదైపోయింది. ఆగదు," అన్నాడు ఆయన.

"అయితే కొత్తది తీసుకురండి."

ఆయన లోపలికి వెళ్లి, తీగా కటింగ్ ప్లయరూ తెచ్చి ఆమె చేతికిచ్చి, స్టూలు కదలకుండా రెండు చేతులతో పట్టుకున్నాడు.